మరచుట్ల మధ్య సన్నని దారి

1981వ సంవత్సరం జూన్ నెలలో, అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో హెన్నికర్ అనే చిన్న ఊరి సమీపాన, పన్నెండుమంది చేతుల్లో వింత పిస్తోళ్లతో అడవిలోకి ప్రవేశించారు. అవి ప్రాణం తీయడానికి చేసినవి కావు. అటవీ సిబ్బంది చెట్లమీద, పశుపాలకులు మందలోని పశువుల మీద దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి తయారైన పరికరాలు. ఎదుటివారి రంగు గుండు తగలకుండా తప్పించుకుంటూ జెండాలు సేకరించి బయటపడడమే పందెం. గెలిచిన వ్యక్తి ఒక్క గుండైనా పేల్చలేదట! ఆనాటి ఆ సరదాయే తరువాత అనేక దేశాలకు పాకి పెయింట్‌బాల్ అనే క్రీడ అయినది. ఆ పరికరాన్ని తుపాకి అనడం ఆటగాళ్లకు అంతగా ఇష్టం ఉండదు. దానిని వారు మార్కర్ అంటారు.

మొదటి పిస్తోళ్లలో 12 గ్రాముల బొగ్గుపులుసు వాయువు నింపిన చిన్న గుళికలు వాడేవారు. రానురాను గుళికకు బదులు సీసాయే వచ్చి మార్కర్‌కు బిగుసుకున్నది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద బొగ్గుపులుసు వాయువు సీసాలో చదరపు అంగుళానికి సుమారు 850 పౌండ్ల పీడనం ఉంటుంది. నేడు ఎక్కువమంది వాడే సంపీడిత గాలి సీసాలనైతే 3,000 లేదా 4,500 పౌండ్ల వరకు నింపుతారు. సీసా మెడ దగ్గరి రెగ్యులేటరు దానిని కొన్ని వందల పౌండ్లకు తగ్గించి లోపలికి వదులుతుంది. మోటారుకారు టైరులో ఉండేది ముప్ఫై పౌండ్ల చిల్లర మాత్రమేనని గుర్తుంచుకుంటే, ఈ చిన్న ఆటవస్తువులో ఎంతటి శక్తి ముడుచుకొని ఉన్నదో బోధపడుతుంది.

ఈ వాయువు సీసా నుంచి మార్కర్ చేరేలోపల గొట్టాలు, మోచేతి కీళ్లవంటి వంపులు, పీడనమాపకం మొదలైనవాటిని దాటవలసి ఉంటుంది. ఇందులో చాలా అతుకులు అమెరికన్ ప్రమాణమైన ఎన్.పి.టి. మరలతో బిగిసినవే. ఈ మర నిటారుగా ఉండదు. 16 అంగుళాల పొడవుకు ఒక అంగుళం చొప్పున వ్యాసం సన్నబడుతుంది. బిగించినకొద్దీ లోహం లోహాన్ని ఒరుసుకొంటుంది. అయినప్పటికీ ఒక చుట్టు శిఖరానికీ, దానికెదురుగా ఉన్న పల్లానికీ మధ్య వెంట్రుకవంటి దారి మిగిలే ఉంటుంది. ఆ దారి మెట్లబావి మెట్లలా చుట్టూ తిరుగుతూ బయటికి చేరుతుంది. బుస్సుమని వినిపించే చప్పుడు అక్కడిదే. ఇంకా బిగిస్తే ఆగుతుందనుకొని పానాతో బలం ప్రయోగించేవారు ఉన్నారు. సన్నబడే మర కలపను చీల్చే ఇనుప మేకు వంటిది. అల్యూమినియం మార్కర్ పగలడానికి ఆ బలమే చాలు.

కాబట్టి దారిని ఏదో ఒక పదార్థంతో పూడ్చవలసిందే. మన దేశంలో నీటి పైపులు బిగించేవారు ఒకప్పుడు జనపనారకు సఫేదా పట్టించి చుట్టేవారు; ఇప్పుడు తెల్లని టెఫ్లాన్ టేపు చుడుతున్నారు. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యుపాంట్ సంస్థకు చెందిన రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు శీతలీకరణ వాయువుల కోసం పరిశోధిస్తూ అనుకోకుండా కనుగొన్న పదార్థమిది. చౌక, శుభ్రం, తక్షణం పనిచేస్తుంది. ఇంటి కుళాయికి దానిని మించినది లేదు.

మార్కర్‌కు వచ్చేసరికి కథ మారుతుంది. మర విప్పినప్పుడల్లా టేపు నలిగి పీలికలవుతుంది. మళ్లీ బిగించినపుడు ఆ పీలిక వాయువుతోపాటు లోపలికి ప్రయాణం చేస్తుంది. కుళాయిలోనైతే నీటితో కొట్టుకొని పోతుంది. విద్యుత్తుతో నడిచే మార్కర్‌లోనైతే సూదిమొనంత రంధ్రమున్న సొలినాయిడ్ వాల్వులో ఇరుక్కుంటుంది. రెగ్యులేటరు పీఠం మీద ఒక పోగు పడినా చాలు, అది పూర్తిగా మూసుకోక పీడనం నెమ్మదిగా పైకి పాకుతుంది. ఆగిన లీకు కంటే ఇది పెద్ద ప్రమాదం. పైగా చప్పుడు చేయదు. టేపే వాడక తప్పనివారు మొనలోని మొదటి ఒకటి రెండు చుట్లు ఖాళీగా వదలి, మర బిగిసే దిశలోనే చుట్టాలి.

రెండవ మార్గం ద్రవరూపంలో ఉండే జిగురు. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో, ట్రినిటీ కళాశాల రసాయన శాస్త్రాచార్యుడు వెర్నన్ క్రీబుల్ దీనిని రూపొందించాడు. లాక్‌టైట్ అనే పేరు దానిదే. దీని స్వభావం విచిత్రం. గాలి తగులుతున్నంతకాలం ద్రవంగానే ఉంటుంది. గాలి అందని లోహపు సందులో చిక్కగానే గట్టిపడుతుంది. అందుకే దాని సీసాను నిండుగా నింపరు. సగం ఖాళీ సీసా అంటగట్టాడని దుకాణదారు మీద కోపగించుకోనక్కరలేదు.

అయితే అన్ని లోహాలూ ఈ జిగురుకు ఒకటి కావు. ఇత్తడి, ఉక్కు త్వరగా పట్టిస్తాయి; స్టెయిన్‌లెస్ ఉక్కు, పైపూత గల అల్యూమినియం ఆలస్యం చేస్తాయి. మార్కర్లలో ఎక్కువగా ఉండేది ఆ అల్యూమినియమే. పాత నూనెను శుభ్రంగా తుడిచి, మొన దగ్గరి చుట్టు వదలి, ఒక చుక్క వేసి, ఒక రోజంతా కదపకుండా ఉంచడం ఉత్తమం. పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్కులకు ఈ ద్రవం తగిలితే అవి పగుళ్లు తీస్తాయి. రకం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎర్రరకం జిగురు మరను విప్పకుండా బంధించడానికి చేసినది. విప్పాలంటే మంటతో వేడి చేయాలి, ఆ వేడికి లోపలి రబ్బరు ఉంగరాలు నాశనమవుతాయి. సన్నని గాలి అతుకులకు 545 అనే ఊదారంగు రకం ఉన్నది. వాల్వులలో ఇరుక్కునే పొడిరేణువులు ఇందులో ఉండవు. మామూలు పానాతోనే విప్పవచ్చు. ధర ఎక్కువే, కాని మార్కర్‌కు తగినది అదే.

మరి కొన్ని అతుకులకు ఏదీ పూయరాదు. సీసాను మార్కర్‌కు బిగించేచోట మరది పట్టు మాత్రమే. వాయువును ఆపేది రబ్బరు ఉంగరం. లీకయితే ఉంగరం మార్చాలి. అదే సీసాకు మెడ దగ్గర వాల్వు బిగించిన మర ఇంకొకటి ఉంటుంది. అది వదులైనపుడు, ఆటగాడు సీసాను మార్కర్ నుంచి విప్పుతున్నాననుకొని, నిజానికి వాల్వు నుంచే సీసాను విప్పుతుంటాడు. అలా ఊడిన సీసా రాకెట్టులా లేస్తుంది. అమెరికాలో 2000 తరువాతి తొలి సంవత్సరాలలో ఇటువంటి సీసాలు తగిలి మరణాలు సంభవించాయి. వాల్వు మీదుగా సీసా మీదికి గోళ్లరంగుతో ఒక గీత గీస్తే, అది తెగినపుడు ముప్పు కంటికి కనిపిస్తుంది. ఆ అతుకును సరిచేయడం మాత్రం అర్హత గల నిపుణుడి పని.

హైదరాబాదు, బెంగుళూరు శివార్లలోని కొన్ని విహారస్థలాలలో నేడు ఈ ఆట ఉన్నది. అక్కడ మార్కర్లు బాగుచేసేవారికి మరొక చిక్కు. మన హార్డ్‌వేరు దుకాణాలలో సాధారణంగా దొరికేది బ్రిటిష్ పద్ధతి మర. ఎనిమిదో వంతు అంగుళం కొలతలో దానికి అంగుళానికి 28 చుట్లు, కోణం 55 డిగ్రీలు. అమెరికన్ మరకు 27 చుట్లు, 60 డిగ్రీలు. చేతితో పెట్టినపుడు రెండు చుట్లు హాయిగా ఎక్కి, తరువాత మొరాయిస్తుంది. అంత తేడాను ఏ జిగురూ, ఏ టేపూ పూడ్చలేవు.

అన్నీ సరిగా బిగించి, జిగురు ఆరిన తరువాత, గుండ్లు నింపకుండా వాయువు వదలి, అతుకుల మీద కుంచెతో సబ్బునీళ్లు పూసి చూడాలి. బుడగ లేచినచోట వేలు పెట్టరాదు. ముందు సీసా తీసి, లోపల మిగిలిన వాయువును పూర్తిగా వదిలేసి, ఆ తరువాతనే పానా చేతికి తీసుకోవాలి.