గుట్ట మీది ఇనప టోపీలు

"సేవింగ్ ప్రైవేట్ ర్యాన్" (1998) చూసినవాళ్ళని ఎవర్నైనా అడగండి. కథ మరిచిపోయామంటారేమో గాని, ఆ మొదటి పాతిక నిమిషాలు మాత్రం మరిచిపోలేదంటారు. పడవ తలుపు తెరుచుకోవడం, కుర్రాళ్ళు పిట్టల్లా రాలిపోవడం! సరే, అవతల కాలుస్తున్నది ఎవరు? గుట్ట మీద కాంక్రీటు గూడు, అందులో మెషిన్‌గన్, దాని వెనక రెండు ఇనప టోపీలు. అంతే. మన జానపద చిత్రాల్లో మాంత్రికుడి గుహకి కాపలా కాసే భటులకైనా ఒక డైలాగు ఉంటుంది.

ఆ టోపీల కింద ఉన్నవాళ్ళలో చాలామంది జర్మన్ సైన్యంలోని 352వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ వాళ్ళు.

రష్యాలో చావుదెబ్బ తిన్న 321వ డివిజన్‌లో మిగిలిన ముదుర్లనీ, మీసం కూడా సరిగా రాని పద్దెనిమిదేళ్ళ పిల్లల్నీ కలిపి 1943 నవంబరులో ఫ్రాన్సులోని సెయింట్ లో దగ్గర దీన్ని తయారుచేశారు. కమాండరు డీట్రిష్ క్రైస్. గురి నేర్చుకోవాల్సిన పిల్లలు ఒడ్డున గుంజలు పాతుతూ చాలా రోజులు గడిపారు. 1944 మార్చిలో ఈ డివిజన్‌ని తీరానికి తెచ్చారు. అమెరికన్లకి ఈ కబురు సకాలంలో అందలేదు. అక్కడున్నది 716వ డివిజన్‌లోని అంతంతమాత్రం జనమే అనుకుని పడవలెక్కారు.

ఇక జూన్ 5 రాత్రి జరిగింది మన స్టంట్ మాస్టర్లు వినితీరాల్సిన కథ. సెయింట్ లో పడమట బ్రిటిష్ విమానాలు పారాచూట్లతో బొమ్మల్ని దింపాయి. "ది లాంగెస్ట్ డే" (1962)లో చూశారుగా, బూట్లతో సహా అచ్చం సోల్జర్‌లా ఉండే రబ్బరు బొమ్మ! అది సినిమావాళ్ళ సోకు. అసలువి గోనెగుడ్డతో కుట్టిన దిష్టిబొమ్మలు. కిందపడితే తుపాకుల్లా పేలే టపాకాయలు వాటికి కట్టారు. వాటితోపాటు దిగిన కొద్దిమంది అసలు సైనికులు కాల్పుల చప్పుడూ కేకలూ రికార్డు వేసి వినిపించారు. అచ్చంగా మన రీరికార్డింగే!

క్రైస్ దగ్గర ఉన్నవి మూడు రెజిమెంట్లు. అందులో రిజర్వులో ఉంచిన 915వ రెజిమెంటు తెల్లవారకముందే ఆ పడమటి పారాచూట్ల వేటకి బయల్దేరింది. కొందరు సైకిళ్ళ మీద, కొందరు పాత ఫ్రెంచి లారీల్లో. తీరా పొద్దున ఒమాహా బీచ్‌లో అసలు యుద్ధం మొదలయ్యేసరికి ఆ జనం ఎక్కడో దారిలో ఉన్నారు. వెనక్కి పిలిచారు గాని, వచ్చినవాళ్ళలో ఎక్కువమందిని తూర్పున బ్రిటిష్‌వాళ్ళ మీదికి తోలాల్సి వచ్చింది.

"ది లాంగెస్ట్ డే"లో బంకర్‌లోంచి ఓడల్ని చూసి ఫోనులో అరిచే మేజర్ ప్లుస్కాట్ గుర్తున్నాడా? ఆయన ఈ డివిజన్ ఫిరంగిదళం వాడే. అసలు మనిషే ఆ సినిమాకి సలహాదారు కూడా. ఆ వేళకి ఆయన నిజంగా బంకర్‌లో ఉన్నాడా అని తరవాత చరిత్రకారులు అనుమానించారు. సలహాదారుగా కూర్చుంటే తన సీను బాగానే రాయించుకుంటాడు, మనకి తెలియని విద్యా?

ఆ రోజు ఇంకో విడ్డూరం. మధ్యాహ్నానికి డివిజన్ నుంచి పైవాళ్ళకి వెళ్ళిన రిపోర్టు: "చాలావరకు శత్రువుని సముద్రంలోకి నెట్టేశాం." అటు ఓడలో అమెరికన్ జనరల్ బ్రాడ్లీ, ఈ బీచ్ వదిలేద్దామా అని తలపట్టుకున్నాడు. ఇద్దరూ పొరపడ్డారు. అమెరికన్లు చిన్న చిన్న గుంపులుగా గుట్టలెక్కేశారు. ఒమాహాలో అమెరికన్ల నష్టం, చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, దొరకనివాళ్ళు అందరూ కలిపి సుమారు 2,400. ఆ ఒక్కరోజులో 352వ డివిజన్ పోగొట్టుకున్నది సుమారు 1,200. జూలై నెలాఖరుకి డివిజన్ పేరుకే మిగిలింది. గాయపడిన క్రైస్ ఆగస్టు 6న పోయాడు.

పాపం అనేముందు ఒక మాట. వాళ్ళు తొడుక్కున్నది హిట్లర్ యూనిఫాం. పరాయి దేశాన్ని ఆక్రమించి కూర్చున్న సైన్యం అది. ఆ లెక్క చెరిపెయ్యమని నేననను. కాని స్పీల్‌బర్గ్ తీసిన ఒక చిన్న బిట్ మళ్ళీ చూడండి. గుట్ట పైన ఇద్దరు చేతులెత్తి ఏదో మొత్తుకుంటారు. అమెరికన్లు కాల్చేసి నవ్వుకుంటారు. ఆ మాటలకి సబ్‌టైటిల్ వెయ్యలేదు, హాల్లో అందరం జర్మన్ అనుకున్నాం. అది చెక్ భాష. "కాల్చకండి, మేం జర్మన్లం కాదు" అని వాళ్ళ గోల.

ఒమాహాకి దగ్గర్లోనే లా కాంబ్ అని జర్మన్ల శ్మశానం ఉంది. అక్కడ 21,000 మందికి పైగా ఉన్నారు. ర్యాన్ ముసలివాడై వచ్చి ఏడ్చే సీను తీసింది మాత్రం అక్కడ కాదు, అమెరికన్ల శ్మశానంలో.