తెలుగు గొంతుకు లైసెన్సు రాయండి: సి-డాక్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సి-డాక్ డైరెక్టర్ జనరల్ గారికి, బాస్ లినక్స్ బృందానికి,

అంజూర్ ఫాటా నుంచి పద్మానగర్ దాకా, ముంబై దగ్గరి భివండిలో తెలుగు ఎక్కువగా చెవిలోనే బతుకుతోంది. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల నుంచి సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన పద్మశాలీ ఇళ్ళలో మాట తెలుగే. బడి మాత్రం చాలామందికి మరాఠీలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో సాగింది. అమ్మమ్మతో గుక్క తిప్పుకోకుండా తెలుగు మాట్లాడే పిల్లవాడు, ఊరి నుంచి వచ్చిన పెళ్ళిపత్రిక చదవలేక ఆమె చేతికే ఇస్తాడు. ఆమెకు చూపు ఆనకపోతే ఆ కాగితం అట్లాగే ఉండిపోతుంది. తెలుగు రాతను చదివి వినిపించే కంప్యూటరు ఎవరికైనా సౌకర్యమే, ఇట్లాంటి ఇళ్ళకు మాత్రం అత్యవసరం.

ఈ లేఖ మీకే రాయడానికి కారణం ఉంది. 2007లో మొదటి విడుదల వచ్చిన బాస్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీది. దాని పునాది డెబియన్ అనే స్వేచ్ఛా లినక్స్ పంపిణీ. కేంద్ర ప్రభుత్వ నిధులతో, ఐఐటీ మద్రాసు ముందుండి నడిపిన భారతీయ భాషల టీటీఎస్ (రాతను మాటగా మార్చే) కన్సార్షియంలో ఐఐఐటీ హైదరాబాదుతోపాటు మీ ముంబై, తిరువనంతపురం కేంద్రాలూ ఉన్నాయి. గొంతు తయారుచేసే పనిలోనూ, దాన్ని జనానికి చేర్చే పనిలోనూ చేయి ఉన్న ప్రభుత్వ సంస్థలు దేశంలో ఎన్నో లేవు.

మరి ఇవాళ డెబియన్ ఆధారంగా నడిచే కంప్యూటరులో దొరికే తెలుగు గొంతులేమిటి?

మొదటిది ఈస్పీక్. జొనాథన్ డడింగ్టన్ అనే బ్రిటిష్ ప్రోగ్రామరు 1995లో ఎకార్న్ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టి, 2006లో లినక్స్‌కు అందించిన సాఫ్ట్‌వేర్ ఇది. రికార్డు చేసిన మనిషి గొంతును వాడదు, శబ్దాన్ని లెక్కగట్టి పుట్టిస్తుంది. అందుకే మరమనిషి మాట్లాడినట్టు ఉంటుంది. అందుకే అన్ని భాషలూ కలిపినా కొద్ది మెగాబైట్లలో ఇముడుతుంది, ఇంటర్నెట్ లేకపోయినా పాత మెషీను మీద చకచకా పలుకుతుంది. చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్‌రీడర్లలో, విండోస్ మీద ఎన్‌వీడీఏలోనూ లినక్స్ మీద ఓర్కాలోనూ, తరచూ వినిపించే గొంతు ఇదే. డడింగ్టన్ చేతిలో పని ఆగిపోయినప్పుడు, 2015 డిసెంబరులో రీస్ డన్ తదితరులు ఈస్పీక్-ఎన్‌జీ పేరుతో దాన్ని అందుకుని ముందుకు నడిపారు. ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. ఎవరైనా మార్చి పంచుకోవచ్చనే హక్కును జీపీఎల్ లైసెన్సు ముందే రాసిపెట్టింది. ఆ ఒక్క కాగితం లేకపోతే తెలుగుతో సహా ఎన్నో భాషల గొంతు అక్కడితో ఎదగకుండా ఆగిపోయేది.

రెండోది ఎడింబరో విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫెస్టివల్ అనే ప్రోగ్రాము కోసం చేసిన తెలుగు గొంతు. డెబియన్‌లో దాని పేర్లు ఫెస్టివల్-టీఈ, ఫెస్ట్‌వాక్స్-టీఈ-ఎన్‌ఎస్‌కే. ఇదీ జీపీఎల్ కిందే ఉంది. మగ గొంతు, నిజమైన మనిషి రికార్డింగు నుంచి ముక్కలు ఏరి అతికించినది. దాని వయసు దాదాపు రెండు దశాబ్దాలు.

మూడోదాని దగ్గరే అసలు చిక్కు. బెల్జియంలోని మాన్స్ పాలిటెక్నిక్ ఫ్యాకల్టీలో 1990లలో మొదలైన ఎంబ్రోలా ప్రాజెక్టులో టీఎల్1 అనే తెలుగు స్త్రీ గొంతు ఉంది. 2018లో ఎంబ్రోలా ప్రోగ్రాము సోర్సును ఏజీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశారు. గొంతులకు మాత్రం పాత షరతే మిగిలింది: వ్యాపారానికి వాడరాదు, సైనిక అవసరాలకు వాడరాదు. అందువల్ల ఆ తెలుగు గొంతు డెబియన్‌లో మెయిన్ విభాగంలోకి రాలేదు, నాన్-ఫ్రీలో కూర్చుంది.

పైకి చూస్తే ఆ షరతులో తప్పేమీ కనబడదు. ఊరికే ఇస్తున్నారు కదా, వ్యాపారం చేయొద్దంటే ఏం నష్టం అనిపిస్తుంది. నష్టం ఎక్కడో తెలియాలంటే డెబియన్ 1997లో ఆమోదించిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలు చూడాలి. ఎవరైనా పంచవచ్చు, అమ్మవచ్చు. సోర్సు అందుబాటులో ఉండాలి. మార్చి, మార్చినదాన్ని పంచే హక్కు ఉండాలి. మనుషుల మధ్య గానీ, వాడే పనుల మధ్య గానీ తేడా చూపకూడదు. ఈ నియమాలకు నిలిచినదే మెయిన్‌లోకి వస్తుంది. నాన్-ఫ్రీ విభాగాన్ని డెబియన్ తన వ్యవస్థలో భాగంగానే లెక్కించదు. మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటరులో ఆ విభాగం తెరుచుకుని ఉండదు, వాడదలచినవాళ్ళు పనిగట్టుకుని తెరవాలి. పాత కంప్యూటరుకు లినక్స్ ఎక్కించి కూలి తీసుకునే దుకాణం కుర్రవాడు ఆ తెలుగు గొంతును కూడా వేసి ఇస్తే అది వ్యాపారమా కాదా? గోదాములో సరుకు పట్టీని చదివించుకుంటే? లైసెన్సు చదివినా జవాబు తేలదు. తేలని చోట జాగ్రత్తపరుడు ముట్టుకోడు, అజాగ్రత్తపరుడు రేపు చిక్కుల్లో పడతాడు.

శబ్దం విషయంలో కాగితం ఎంత పని చేస్తుందో ఎంపీ3 చరిత్ర చెప్పింది. ఆ పద్ధతి మీద పేటెంట్లు ఉన్నన్నాళ్ళూ ఫెడోరా లాంటి పంపిణీలు దాన్ని తమ సీడీలో పెట్టలేకపోయాయి. కోట్లమంది ఫోన్లలో పాటలు మోగుతున్నా, అట్లాంటి పంపిణీ వేసుకున్నవాడు వేరే చోటు నుంచి ప్యాకేజీ తెచ్చుకుంటే తప్ప పాట వినిపించేది కాదు. 2017 ఏప్రిల్ 23న ఫ్రౌన్‌హోఫర్ సంస్థ లైసెన్సు కార్యక్రమాన్ని ముగించడంతో ఆ కథ పూర్తిగా తీరింది. అది ప్రైవేటు హక్కుల వ్యవహారం, వేచి ఉండక తప్పలేదు. ప్రజల డబ్బుతో రికార్డు చేసిన తెలుగు గొంతు కోసం ప్రజలు వేచి ఉండవలసిన పనేముంది?

అక్షరాల విషయంలో తెలుగువాళ్ళు ఈ దారి ఇదివరకే నడిచారు. కెనడాలో స్థిరపడ్డ తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను జీపీఎల్ కింద ఇచ్చారు. అవి డెబియన్‌లో ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తోడ్పాటుతో వచ్చిన ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలై, తెలుగువిజయం పేరుతో ప్యాకేజీగా డెబియన్‌కు చేరాయి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ 2005 నుంచే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసింది. ఇవాళ ఏ లినక్స్ తెరిచినా తెలుగు చక్కగా కనబడుతోందంటే, ఎవరో ఒకరు ఫాంటుతో పాటు లైసెన్సు ఫైలు కూడా పెట్టారు కాబట్టే. చదవలేని తెలుగువాళ్ళకు ఆ అందమైన అక్షరాల వల్ల ఒరిగేది తక్కువ. వాళ్ళ వంతు పని ఇంకా మిగిలే ఉంది.

లైసెన్సు కుదిరినంత మాత్రాన గొంతు బతకదు. కార్ఖానాలో సాంచా బిగిస్తే సరిపోదు, దాన్ని బాగుచేస్తూ ఉండే జాబర్ ఉండాలి. ప్యాకేజీకి ఆ మనిషి మెయింటెయినర్. కొత్త కంపైలర్ వచ్చినప్పుడల్లా పాత కోడ్ ఎక్కడో విరుగుతుంది. బాగుచేసే దిక్కు లేకపోతే, బిల్డ్ కాని ప్యాకేజీ డెబియన్ తర్వాతి విడుదల నుంచి జారిపోతుంది. ప్రతి ఫైలు ఎవరిది, ఏ షరతు మీద ఇచ్చారు అనేది కాపీరైట్ ఫైలులో నమోదు చేయాలి. కొత్త ప్యాకేజీని లోపలికి రానిచ్చే ముందు ఎఫ్‌టీపీ మాస్టర్లు దాన్ని పరిశీలిస్తారు. రికార్డింగు ఎక్కడిదో తెలియని ఒక్క ఫైలు కనబడినా గడప దగ్గరే ఆపేస్తారు. పేరు రాని, జీతం లేని ఈ పనిని చాలా మటుకు స్వచ్ఛందంగా చేస్తున్నారు. మిగతా భాషల ప్యాకేజీలతో పాటే తెలుగువీ చూస్తున్న ఆ మెయింటెయినర్లలో అందరికీ తెలుగు రాదు. అయినా ఇన్నేళ్ళు కాపాడినందుకు తెలుగువాళ్ళు వాళ్ళకు రుణపడి ఉన్నారు.

తెలుగు తెలిసినవాళ్ళే చేయగలిగిన పని ఒకటుంది. 'చలి' అనేటప్పుడూ 'చలనం' అనేటప్పుడూ రాసేది ఒకే చ, పలికేది రెండు రకాలు. 'జల్లెడ'లో జ వేరు, 'జలం'లో జ వేరు. ఏది దేశ్యపదమో ఏది సంస్కృతమో నోటికి తెలుసు, అక్షరాన్ని చూసే యంత్రానికి తెలియదు. నియమం ఒక్కటే చాలదు, పదాల పట్టిక కావాలి. ఈస్పీక్‌లో తెలుగుకు రెండు మామూలు టెక్స్ట్ ఫైళ్ళున్నాయి. ఒకటి నియమాలది, ఒకటి పదాలది. వాటిని దిద్దడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, తెలుగు చెవి ఉన్న మనిషి కొన్ని నెలలు కూర్చుంటే చాలు. అంకెలు, పొడి అక్షరాలు కూడా అంతే. రూ. కనబడితే రూపాయలు అనాలి, కి.మీ. కనబడితే కిలోమీటర్లు అనాలి, 1,50,000 కనబడితే లక్షా యాభై వేలు అనాలి. సిరిసిల్ల యాసా సోలాపూర్ తెలుగూ పక్కపక్కనే వినబడే భివండిలో ఈ పరీక్ష పెట్టి చూడండి. హైదరాబాదు స్టూడియోలో బయటపడని తప్పులు ఇక్కడ పూటలో బయటపడతాయి.

కొత్త కాలపు న్యూరల్ గొంతులు వీటన్నిటికంటే ఎంతో మధురంగా ఉంటాయన్నది నిజం. ఐఐటీ మద్రాసులోని ఏఐ ఫర్ భారత్ తెలుగు పలికే మోడళ్ళను బహిరంగ లైసెన్సుతో ఇచ్చింది. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వేదిక భాషిణి తెలుగు మాటను సేవగా అందిస్తోంది. అయితే సేవ వేరు, ప్యాకేజీ వేరు. సేవకు నెట్ కావాలి, సర్వరు నడుస్తూ ఉండాలి, దాన్ని నడపాలన్న నిర్ణయం ఏటేటా ఎవరో తీసుకోవాలి. ప్యాకేజీ ఒకసారి కంప్యూటరులోకి చేరితే కరెంటు ఉన్నన్నాళ్ళూ పలుకుతుంది. మోడళ్ళ విషయంలో డెబియన్‌లో ఇంకా తెగని వాదం కూడా ఉంది. తయారైన మోడల్‌కు స్వేచ్ఛా లైసెన్సు ఇచ్చి, దానికి నేర్పిన రికార్డింగులను మూసిపెడితే, దాన్ని మార్చే హక్కు నిజంగా ఇచ్చినట్టేనా? అట్లాంటి మోడళ్ళకు అక్కడి డీప్ లెర్నింగ్ బృందం తన విధాన పత్రంలో 'టాక్సిక్ క్యాండీ' అని పేరు పెట్టింది. ఆ వాదం ఎటు తేలినా, రికార్డింగులు కూడా తెరిచి ఇచ్చినవాళ్ళకు ఇబ్బంది ఉండదు.

తెరిచి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. గూగుల్ పలువురు తెలుగువాళ్ళ చేత చదివించిన రికార్డింగులను క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 లైసెన్సు మీద ఓపెన్‌ఎస్ఎల్ఆర్ అనే రికార్డింగుల భాండాగారంలో 66వ అంశంగా అందరికీ ఇచ్చింది. మొజిల్లా కామన్ వాయిస్‌లో తెలుగు మాటలు సీసీ0 కింద, ఏ షరతూ లేకుండా ఉన్నాయి. లాభం కోసం నడిచే విదేశీ కంపెనీ పెట్టగలిగిన కాగితాన్ని, 2015లోనే ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించిన ప్రభుత్వపు సంస్థలు పెట్టలేకపోవడానికి కారణం ఉండకూడదు. దివ్యాంగుల హక్కుల 2016 చట్టం సమాచారం అందరికీ అందేలా చూడమంటోంది. చూపు లేని తెలుగు మనిషికి ఆ అందుబాటు గొంతు రూపంలోనే రావాలి.

కాబట్టి సి-డాక్‌కు విన్నపం ఇది. కన్సార్షియంలో భాగస్వాములైన సంస్థలతో కూర్చుని, తెలుగు రికార్డింగులకూ వాటి నుంచి పుట్టిన గొంతులకూ వ్యాపార నిషేధం లేని లైసెన్సు రాయించండి. రికార్డింగు ఇచ్చిన కళాకారుల దగ్గర ఆ మేరకు అంగీకారపత్రం తీసుకోండి, వాళ్ళకు తగిన పారితోషికం ఇవ్వండి. ఆ గొంతు వాళ్ళ సొంత గొంతు, దాని మీద మొదటి హక్కు వాళ్ళదే. తయారైన ప్యాకేజీని బాస్‌లో మాత్రమే పెట్టి ఊరుకోకండి, డెబియన్‌కు పంపండి. అక్కడ మెయిన్‌లో చేరితే ఉబుంటుకూ, లినక్స్ మింట్‌కూ, రాస్ప్‌బెర్రీ పై చిన్న బోర్డులకూ దానంతట అదే చేరుతుంది, మీ బాస్‌కూ తిరిగొస్తుంది. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం డెబ్‌కాన్ కొచ్చిలోనే జరిగింది. డెబియన్ వాళ్ళు ఎక్కడో దూరాన లేరు, మన దేశంలోనే చాలామంది ఉన్నారు.

తెలుగు మాట ప్యాకేజీల కోసం జీతమిచ్చి మెయింటెయినర్లను పెట్టండి. ఇద్దరైనా చాలు, కానీ ప్రాజెక్టు గడువుతో పాటు వెళ్ళిపోయే ఒప్పంద ఉద్యోగులు కాకూడదు. ఈస్పీక్-ఎన్‌జీ పదాల పట్టిక దిద్దడం, ఫెస్టివల్ గొంతును కొత్త విడుదలల్లో నిలబెట్టడం, ఎంబ్రోలా తెలుగు గొంతు హక్కుదారులకు లేఖ రాసి షరతు సడలించమని అడగడం వాళ్ళ మొదటి ఏడాది పని కావచ్చు. ఆ చివరిదానికి అధికారిక ముద్ర ఉన్న ఒక ఉత్తరం సరిపోవచ్చు. విడిగా ఒక వ్యక్తి అడిగితే రాని జవాబు సి-డాక్ అడిగితే రావచ్చు.

పరీక్షించడానికి మనుషులు కావాలంటే భివండిలో తెలుగు సంఘాలున్నాయి. ముంబైలోని మీ కార్యాలయం నుంచి ఒక పూట ప్రయాణం. సెలవు రోజున రండి, మిగతా రోజుల్లో సాంచాల చప్పుడులో ఏ గొంతూ వినబడదు.

ఇట్లు,
అంజూర్ ఫాటా నుంచి
ఒక తెలుగు లినక్స్ వాడుకరి