లోడు ఒకటే, కోతలు మూడు



మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి సుమారు 880 కిలోమీటర్లు. లోడు ఎన్ని చేతులు మారినా ఆ దూరం తగ్గదు. డీజిలు తగ్గదు, టైర్ల అరుగుదల తగ్గదు. తగ్గేది డ్రైవర్ డబ్బు ఒక్కటే. కంపెనీ ఒకడికిస్తే వాడు తన వాటా కోసుకుని ఇంకొకడికి, వాడు మరొకడికి. స్టీరింగ్ పట్టనోళ్లు ముందు తింటారు, పట్టినోడికి అడుగూబొడుగూ.

పాలమూరు లేబరును గుంపు మేస్త్రీలు ఎట్లా కోశారో తెలిసినోళ్లమే. ఇక్కడ బ్రోకర్ చేసేదీ అదే. "ఏబీఎన్ తీసుకో, నువ్వే ఓనర్‌వి" అంటాడు. పేరుకు ఓనర్‌ని చేసి జీతగాడి పని చేయించుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం. "మనోడే కదా" అని ఊరుకోకండి. మనోడైతే అసలు రేటు ఎందుకు దాస్తాడు?

2024 ఆగస్టు 26 నుంచి ఈ కాంట్రాక్టుల గొలుసు మొత్తానికి కనీస షరతులు పెట్టే అధికారం ఫెయిర్ వర్క్ కమిషన్‌కు వచ్చింది. కానీ అడిగేవాడు లేకపోతే చట్టం ఉత్త కాగితమే.

లోడెక్కించే ముందే రేటు, డబ్బులిచ్చే తేదీ మెసేజ్‌లో రాయించుకోండి. కోత పడితే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ 13 13 94కు చేయండి. తెలుగులో చెప్పుకోవాలంటే 13 14 50కి చేసి అక్కడికి కలపమనండి. వీసా ఏదైనా కష్టానికి కూలి మన హక్కు.