గొప్ప జట్టంటే కప్పుల లెక్కేనా?

ఫుట్‌బాల్ చరిత్రలో గొప్ప జట్టేది అన్న వాదన ఆఫీసు క్యాంటీన్లో మొదలైందంటే టీ చల్లారుతుంది గానీ వాదన చల్లారదు. ఒకాయన 1970 బ్రెజిల్ అంటాడు. ఇంకొకాయన గార్డియోలా బార్సిలోనా అంటాడు. చివరికి అందరూ కప్పులు లెక్కపెడతారు.

కప్పులే కొలతైతే 1950ల నాటి హంగేరీని ఇంకా ఎందుకు తలుచుకుంటున్నట్టు? 1953లో వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో చిత్తు చేసింది గానీ, 1954 ప్రపంచకప్ ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడింది. 1974 హాలెండ్ కథా అంతే.

నేనైతే మూడు ప్రశ్నలు అడుగుతా. ఎంతకాలం గెలిచారు? చేతిలో ఏముంది? ఓడాక ఏం చేశారు?

ఈ మూడింటికీ జవాబు చెప్పగల జట్టు మనకూ ఒకటుంది: హైదరాబాద్ సిటీ పోలీస్. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు 1950లో, 1954లో గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కోట్లు పెట్టి ఆటగాళ్ళను కొన్న క్లబ్బు కాదు, పోలీసు శాఖ జట్టు.

"వాళ్ళు బ్రెజిల్‌తో ఆడారా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి అదే రహీం కోచ్‌గా, తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్ లాంటి హైదరాబాదీలతో వెళ్ళిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. సెమీస్‌లో యుగోస్లావియా మీద 1-4తో ఓడి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. కాబట్టి ప్రపంచంలోకెల్లా గొప్ప అని నేననను. ఆసియాలో మాత్రం ఆ కాలానికి పెద్ద పీట వేయాల్సిందే.

మూడో ప్రశ్నకు జవాబు 1962 జకార్తా ఆసియా క్రీడలు. గ్రూపులో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన రహీం జట్టు, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ఆడిస్తే, అతనే ఓ గోల్ కొట్టాడు!

1963లో రహీం క్యాన్సర్‌తో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మళ్ళీ బంగారం రాలేదు. మన భాషలో చెప్పాలంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ జరగలేదు. దాంతో ఆ జట్టు గొప్పతనం తగ్గుతుందా? తగ్గదంటాను. మంచి కోడ్ రాసి వెళ్ళినవాడిది కాదు తప్పు, దాన్ని మెయింటెయిన్ చెయ్యని మనది.

తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో మెస్సీ ఎవరని అడగండి, కుర్రాళ్ళు ఠక్కున చెప్తారు. రహీం ఎవరంటే? 1950లో మా ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి, హైదరాబాద్ వేరే రాష్ట్రం. అప్పట్లో ఆ కథ మావైపు రాలేదంటే సరే అనుకోవచ్చు. 1956లో ఒక్క రాష్ట్రమయ్యాక కూడా రాకపోవడానికి సాకేముంది? చివరికి 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చి మనకు చెప్పాల్సొచ్చింది.

ఈసారి క్యాంటీన్లో వాదన వస్తే మీ లిస్టులో ఈ పేరు కూడా పెట్టి చూడండి. ఓడినా ఫర్లేదు, అవతలివాడు ఓసారి ఆ పేరు వింటాడు.