అడ్మిన్ రాసుకున్న ఫైలు జోలికి అప్‌గ్రేడ్ పోకూడదు

సర్వర్ ప్రోగ్రాముతో వచ్చే డిఫాల్ట్ సెట్టింగులు తయారీదారు నిర్ణయాలు. తర్వాత మార్చుకున్నవి ఆ సర్వర్ నడిపే అడ్మిన్ నిర్ణయాలు. ఈ రెండూ ఒకే ఫైలులో ఉన్నంతకాలం ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ చిక్కే. కొత్త ఫైలు పెడితే అడ్మిన్ మార్పులు పోతాయి. పాతది ఉంచితే భద్రత కోసం సవరించిన డిఫాల్ట్‌లు అందవు.

డెబియన్ దీన్ని మర్యాదగానే నడుపుతోంది. ప్యాకేజీతో వచ్చిన కాన్ఫిగ్ ఫైలు చెక్‌సమ్‌ను దాని ప్యాకేజీ మేనేజర్ డీపీకేజీ దాచుకుని, అప్‌గ్రేడ్ వేళ దాన్ని డిస్కు మీది ఫైలుతోనూ, కొత్త ప్యాకేజీలోని ఫైలుతోనూ పోలుస్తుంది. అడ్మిన్ చెయ్యిపెట్టకపోతే కొత్తది వేస్తుంది. తయారీదారు మార్చకపోతే ఉన్నదే ఉంచుతుంది. ఇద్దరూ మార్చి ఉంటే ఆగి అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కితే అడ్మిన్ ఫైలే నిలుస్తుంది. ఆర్‌పీఎం ప్యాకేజీ వ్యవస్థలో ఈ నిర్ణయం ప్యాకేజీ కట్టేవారి చేతిలో ఉంది. ఇద్దరూ మార్చిన సందర్భంలో, ‘నోరీప్లేస్’ అని రాసి ఉంటే కొత్త ఫైలు ‘ఆర్‌పీఎంన్యూ’ తోకతో పక్కన పడుతుంది. రాయకపోతే కొత్తదే అసలు పేరుతో కూర్చుంటుంది, అడ్మిన్ ఫైలు ‘ఆర్‌పీఎంసేవ్’ అయిపోతుంది. ఒక్క మాట మరిచినందుకు ఇంత శిక్ష!

అడిగి వేయడం మంచిదే కానీ, అర్ధరాత్రి దానంతటది నడిచే అప్‌గ్రేడ్‌కు జవాబిచ్చే మనిషి ఎవరు? డెబియన్‌లో ఆ పని చేసే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అలాంటి ప్రశ్న రాబోయే ప్యాకేజీని మామూలుగా పక్కన పెట్టేస్తుంది. దాంతో భద్రతా సవరణా ఆగిపోతుంది. పక్కన పడ్డ కొత్త ఫైళ్లను తెరిచి చూసేవారూ తక్కువే.

కాబట్టి రెండింటికీ రెండు చోట్లు ఉండాలి. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో తయారీదారు యూనిట్ ఫైళ్లు యూఎస్ఆర్ డైరెక్టరీ కింద, అడ్మిన్ మార్పులు ఈటీసీ డైరెక్టరీ కింద ఉంటాయి. మార్చదలచిన రెండు వరుసలే డ్రాప్-ఇన్ ఫైలులో రాస్తే చాలు, తక్కినవి డిఫాల్ట్ నుంచే వస్తాయి. 2020లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగ్‌లోనూ వేరే ఫైళ్లను కలుపుకునే ‘ఇన్‌క్లూడ్’ ఉంది. అయితే చిన్న మెలిక: సిస్టమ్‌డీలో మామూలుగా చివర చదివిన విలువ నెగ్గుతుంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామైన ఎస్‌ఎస్‌హెచ్‌డీలో మొదట కనిపించినది. అందుకే డెబియన్ ఆ ఇన్‌క్లూడ్ వరుసను ఫైలు పైభాగంలోనే పెట్టింది. ఏది నెగ్గుతుందో ప్రతి ప్రోగ్రామూ మొదటి పేజీలోనే చెప్పాలి.

చోటు వేరైనా, డిఫాల్ట్ ఫైలు మొత్తాన్ని కాపీ చేస్తే ప్రయోజనం పోతుంది. దాడి చేసే చిరునామాలను అడ్డుకునే ఫెయిల్‌టూబ్యాన్‌లో ‘జైల్.కాన్ఫ్’ను ముట్టకుండా ‘జైల్.లోకల్’లో మార్పులు రాయాలి. చాలామంది మొదటిదాన్ని యథాతథంగా రెండోదానిలోకి దింపుతారు. ఆనాటి డిఫాల్ట్‌లన్నీ అక్కడే గడ్డకట్టుకుపోతాయి.

ప్రోగ్రాములు రాసేవారు డ్రాప్-ఇన్ డైరెక్టరీ ఇవ్వాలి. అమల్లో ఉన్న విలువలన్నిటినీ చూపే కమాండూ ఇవ్వాలి. ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’ పెద్దక్షరంతో కొడితే వచ్చేది అదే. ఆప్షన్ పేరు మారిస్తే కొన్నాళ్లు పాత పేరునూ హెచ్చరికతో అంగీకరించాలి. డిఫాల్ట్ మార్చితే పాత విలువ కావాలనుకునేవారు ఏ వరుస రాయాలో విడుదల నోట్స్‌లో ఉండాలి. ప్యాకేజీ కట్టేవారు ఇన్‌స్టాల్ స్క్రిప్టులతో అడ్మిన్ ఫైళ్లను దిద్దడం మానాలి.

ఇప్పటికే నడుస్తున్న సర్వర్లలో అడ్మిన్లు ఈ పనిని ఒక్కో సర్వీసుగా చేయవచ్చు. ప్యాకేజీలోని అసలు ఫైలుతో ఉన్న ఫైలును డిఫ్ చేసి, తేడా వరుసలను డ్రాప్-ఇన్‌లోకి మార్చి, అసలు ఫైలును తిరిగి పెట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో మాత్రం చిన్నక్షరపు ‘-టీ’తో తప్పులు సరిచూసి, తెరిచి ఉన్న సెషన్‌ను మూయకుండా రీస్టార్ట్ చేసి, మరో కిటికీలోంచి లాగిన్ అయి చూసుకోవాలి.