అధికార బదలాయింపు అంటే ఏమిటి?

మన పాలకులకు ‘అధికార వికేంద్రీకరణ’ చాలా ఇష్టమైన మాట. రాజధాని నుండి ఒక కార్యాలయం జిల్లాకు తరలినా, కింది అధికారికి ఒక సంతకం హక్కు దక్కినా దానికి ఆ పేరే పెడుతున్నారు. ఆంగ్లంలోని ‘డెవల్యూషన్’ అర్థం ఇంతకంటే లోతైనది. పై అధికారి తన పనిని కిందివానికి అప్పగిస్తే, ఇష్టం లేనినాడు వెనక్కు తీసుకోగలడు. ప్రజలు ఎన్నుకున్న స్థానిక సంస్థకు నిర్ణయాధికారం, దానితోపాటు నిధులు, సిబ్బంది చట్టప్రకారం సంక్రమిస్తేనే అది నిజమైన బదలాయింపు.

1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ఈ పదాన్నే వాడాయి. పంచాయతీలకు 29, పురపాలక సంఘాలకు 18 అంశాలను పేర్కొన్నాయి. అయితే రాష్ట్ర శాసనసభలు ఆ అధికారాలను ‘ఇవ్వవచ్చు’ అన్నాయే గాని ‘ఇచ్చితీరాలి’ అనలేదు. ఆ ఒక్క మాట చాటున చాలా రాష్ట్రాలు బాధ్యతను కిందికి దించి, పెత్తనాన్ని తమ వద్దే ఉంచుకున్నాయి.

ఇది మనకు సంబంధం లేని చర్చ కాదు. ఆ 18 అంశాలలో ఖననవాటికలు, మురికివాడల అభివృద్ధి ఉన్నాయి. ఆ 29 అంశాలలో పాఠశాల విద్య ఉంది. అయినా ఖబరస్తాన్ ప్రహరీకి, బస్తీ మురుగుకాల్వకు, ఉర్దూ బడిలో ఉపాధ్యాయుని నియామకానికి మనం నేటికీ ఎమ్మెల్యే గడప, మంత్రి పేషీ చుట్టూ తిరుగుతున్నాం. హక్కుగా అందవలసినది ఎన్నికలవేళ దయగా అందుతోంది.

అధికారం ఊరికి చేరినంత మాత్రాన న్యాయం దానంతటదే చేరదని కూడా మేము గుర్తుచేస్తున్నాం. గ్రామంలోని సంకుచితత్వం గురించి డాక్టర్ అంబేడ్కర్ 1948లోనే రాజ్యాంగ సభను హెచ్చరించారు. స్థానిక సంస్థలలో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు రాజ్యాంగం స్థానాలు కేటాయించింది. మతపరమైన అల్పసంఖ్యాకులకు కేటాయించలేదు. అందువల్ల బదలాయింపుతోపాటు రక్షణలనూ మనం కోరాలి.

అడగడంతోనే మన పని ముగియదు. గ్రామసభకు మనలో ఎందరు వెళుతున్నారు? మూడు లక్షలు, ఆపైన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. మన నగరంలో అవి ఉన్నాయా అని ఎందరు విచారించారు? మన మస్జిద్ కమిటీలలో సయితం లెక్కలు, నిర్ణయాలు ఒకరిద్దరి చేతుల్లోనే ఉంటే, ప్రభుత్వాన్ని నిలదీసే నైతికబలం మనకెక్కడిది?

అధికారం అమానత్. దానిని హక్కుదారులకు చేర్చమని పాలకులను అడుగుదాం. మన చేతిలో ఉన్నంతవరకు మనమూ చేర్చుదాం.