మూతపడ్డ స్టేషన్‌లో మళ్లీ కూత!

చిన్న ఊరి రైల్వేస్టేషన్ మూతపడితే ఏం చేస్తాం? నాలుగురోజులు బాధపడి ఊరుకుంటాం. బ్రిటన్‌లో 1963నాటి బీచింగ్ నివేదిక ఏకంగా 2,363 స్టేషన్లను మూసేయమంది. చాలాచోట్ల ఇప్పుడు ఫొటోలే మిగిలాయి. అవి ఉంటే చాలు, కంప్యూటర్‌లో స్టేషన్‌ని మళ్లీ కట్టేయొచ్చు!

ఫిన్లాండ్ సంస్థ కొలాసల్ ఆర్డర్ 2015లో తెచ్చిన ‘సిటీస్: స్కైలైన్స్’ ఆటలో మనం చేసిన భవనాల్నీ పెట్టుకోవచ్చు. ఫొటోలో తలుపు ఎత్తునిబట్టి మిగతా కొలతలు అంచనా వేస్తారు. బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో గోడలు, పైకప్పు లేపి ఇటుకరంగు అద్దుతారు. దూరంనుంచి కనిపించడానికి తేలికపాటి నమూనా మరొకటి చేస్తారు. లేదంటే ఆట నత్తనడకే!

మీ ఇంట్లోనూ ఇలాంటి ఆటగాళ్లుంటే మీ ఊరి స్టేషన్ పాత ఫొటోలు వెతికివ్వండి. కొత్త భవనం వచ్చాక ఆ పాత తలుపు ఎత్తెంతో చెప్పేవాళ్లుండరు మరి!